ధన, రుణ సంఖ్యల వర్గమూలాలు, ఘనమూలాలు: గుర్తు ఎక్కడ పోతుంది, ఎక్కడ నిలుస్తుంది

పొలాన్ని గుంటల్లో కొలిచే ఊళ్లలో ఎకరానికి నలభై గుంటలని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఒక గుంట 121 చదరపు గజాలు. ఆ ముక్క సరిగ్గా చదరంగా ఉంటే ఒక్కో వైపు ఎన్ని గజాలుండాలి అని అడిగితే, 11 × 11 = 121 కనుక 11 గజాలు అని జవాబు వస్తుంది. 121కి వర్గమూలం కనుక్కోవడమంటే ఇదే. అయితే (−11) × (−11) కూడా 121 అవుతుంది. పొలం గట్టు మైనస్ 11 గజాలు ఉండదు కాబట్టి కొలిచేవారు ఆ రెండో జవాబును తలచుకోరు. గణితం చదివే విద్యార్థికి మాత్రం దాన్ని వదిలేసే వీలు అన్నిసార్లూ ఉండదు. ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఉంచాలో, అసలు జవాబే లేని సందర్భం ఏదో, ఘనమూలం దగ్గర ఈ ఇబ్బంది ఎందుకు రాదో తెలుసుకుంటే ఈ పాఠంలో జరిగే పొరపాట్లలో చాలా భాగం తప్పిపోతాయి.

ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేది వర్గం. మూడుసార్లు తీసుకుని గుణిస్తే వచ్చేది ఘనం. 5 వర్గం 25, ఘనం 125. ఇది ముందుకు నడిచే దారి, ఇందులో ఎవరికీ అనుమానం రాదు. మూలం కనుక్కోవడమంటే ఇదే దారిలో వెనక్కి నడవడం: ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే 25 వచ్చింది, ఏ సంఖ్యను మూడుసార్లు గుణిస్తే 125 వచ్చింది అని అడగడం. వెనక్కి నడిచేటప్పుడు ముందుకు నడిచేటప్పుడు లేని రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. అలాంటి సంఖ్య ఉందా? ఉంటే ఒకటేనా, అంతకన్నా ఎక్కువా? ఈ రెండింటికీ సమాధానం గుర్తులోనే, అంటే ప్లస్సు, మైనస్సుల ప్రవర్తనలోనే ఉంది. (మొదటిసారి నేర్చుకునే పిల్లలు 16కి వర్గమూలం 8 అని, 27కి ఘనమూలం 9 అని రాయడం సాధారణం. అది మూలం తీయడం కాదు, రెండుతోనో మూడుతోనో భాగించడం. 8 × 8 ఎంతో చూసుకోమంటే తప్పు వారికే తెలుస్తుంది.)

గుర్తు ఎలా ప్రవర్తిస్తుంది

"మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" అన్న మాటను బడిలో అందరూ కంఠస్థం చేస్తారు కానీ, ఎందుకు అని అడిగితే జవాబు చెప్పేవారు తక్కువ. ధన, రుణ రాశులతో లెక్కలు చేసే నియమాలను బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో వరుసగా చెప్పాడు. రెండు రుణాల లబ్ధం ధనమన్నది వాటిలో ఒకటి. ధనమంటే సొత్తు, రుణమంటే అప్పు. మన భాషలో ఈ సంఖ్యల పేర్లే వాటి అర్థాన్ని చెబుతున్నాయి. అప్పును అప్పుతో గుణించడం ఏమిటన్న సందేహం ఎవరికైనా వస్తే, కారణాన్ని ఇలా చూడవచ్చు. 7కి −7ను కలిపితే సున్నా. ఆ సున్నాను −7తో గుణించినా సున్నాయే రావాలి. అంటే (−7) × 7, (−7) × (−7) అన్న రెండు లబ్ధాలను కలిపితే సున్నా కావాలి. మొదటిది −49. దాన్ని సున్నా చేయాలంటే రెండోది +49 కాక మరొకటి కావడానికి వీలు లేదు.

ఇప్పుడు వర్గాన్నీ ఘనాన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. 7 వర్గం 49, −7 వర్గం కూడా 49. వర్గం చేయగానే మైనస్ గుర్తు చెరిగిపోయింది; 49ని మాత్రమే చూసినవారికి అది 7 నుంచి వచ్చిందో −7 నుంచి వచ్చిందో చెప్పడం సాధ్యం కాదు. అదే ఘనానికి వస్తే 7 ఘనం 343, −7 ఘనం −343. మొదటి రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయినా, మూడోది మిగిలిపోయి గుర్తును నిలబెట్టింది. వర్గంలో గుర్తు పోతుంది, ఘనంలో నిలుస్తుంది. ఇక ముందు చెప్పబోయే ప్రతి నియమమూ ఈ ఒక్క తేడా నుంచే పుడుతుంది కనుక, నియమం మరచిపోయినప్పుడు దీని దగ్గరకు వచ్చి మళ్లీ రాబట్టుకోవచ్చు.

ధన సంఖ్యకు రెండు వర్గమూలాలు, గుర్తుకు ఒకటే విలువ

ఏ ధన సంఖ్యకైనా వర్గమూలాలు రెండు: ఒకటి ధనం, ఒకటి రుణం, రెండింటి పరిమాణం ఒకటే. 49 వర్గమూలాలు 7, −7. సున్నాకు ఒకటే వర్గమూలం, అది సున్నాయే. ఇంతవరకు కష్టమేమీ లేదు. చిక్కు వచ్చేది √ అనే గుర్తు దగ్గర.

√49 అని రాసినప్పుడు దాని విలువ 7 మాత్రమే. "49 వర్గమూలాలు ఏవి" అన్న ప్రశ్నకు రెండు జవాబులున్నా, √49 అన్న రాతకు ఒకటే విలువ ఉంటుంది. ఇది ప్రకృతి నియమం కాదు, గణితం రాసేవారందరూ పాటించే ఒప్పందం. ఒక గుర్తుకు రెండు విలువలుంటే √49 + √25 అని రాసినప్పుడు అది 12 కావచ్చు, 2 కావచ్చు, −2 కావచ్చు, −12 కావచ్చు. అలాంటి గుర్తుతో ఏ లెక్కా సాగదు. అందుకే √ గుర్తు రుణం కాని వర్గమూలాన్నే సూచించాలని నిర్ణయించుకున్నారు, దీన్నే ప్రధాన వర్గమూలం అంటారు. రెండో మూలం కావాలంటే −√49 అని విడిగా రాయాలి, రెండూ కావాలంటే ±√49 అని రాయాలి. వర్గ సమీకరణం సాధించే సూత్రంలో మూల గుర్తుకు ముందు ± ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? √ గుర్తే రెండు విలువలనూ ఇచ్చేదైతే ఆ ± అవసరమే ఉండేది కాదు.

సమీకరణం సంగతి వేరు. మన పాత గణితవేత్తలు తెలియని రాశిని "యావత్తావత్" అని, కుదించి "యా" అని రాసేవారు. ఆ సంప్రదాయాన్ని అనుసరించి ఇక్కడ తెలియని సంఖ్యను య అందాం. య² = 49 అన్న సమీకరణం "వర్గం 49 అయ్యే సంఖ్యలన్నీ చెప్పు" అని అడుగుతోంది. కాబట్టి య = 7 లేదా య = −7; రెండింటిలో ఏది వదిలినా జవాబు సగమే. కాస్త పెద్ద ఉదాహరణగా (య − 3)² = 25 తీసుకుంటే, య − 3 విలువ 5 గానీ −5 గానీ కావాలి, అంటే య = 8 లేదా య = −2. చాలామంది రెండు వైపులా "రూట్ తీసేసి" య − 3 = 5 అని రాసి 8తో ఆగిపోతారు. −2ను మొదటి సమీకరణంలో పెట్టి చూడండి: −2 − 3 = −5, దాని వర్గం 25. అది కూడా సరైన సాధనే.

మైనస్ గుర్తు ఎక్కడ కూర్చుందన్న దాన్ని బట్టి అర్థం పూర్తిగా మారుతుంది. కింది నాలుగు రాతలూ ఒకేలా కనిపిస్తాయి కానీ నాలుగింటికీ అర్థాలు వేరు. (−7)² అంటే మైనస్ ఏడును దానితో గుణించడం, విలువ 49. −7² అంటే 7 వర్గానికి ముందు మైనస్ పెట్టడం, విలువ −49. కుండలీకరణం లేనప్పుడు ఘాతాంకం తనకు ఆనుకుని ఉన్న 7కే వర్తిస్తుంది. −√49 అంటే √49 విలువకు ముందు మైనస్, అంటే −7. √(−49) అంటే వర్గం −49 అయ్యే సంఖ్య కోసం వెతకడం, అది వాస్తవ సంఖ్యల్లో, అంటే సంఖ్యారేఖ మీద ఉండే సంఖ్యల్లో దొరకదు. పరీక్షలో ఈ నాలుగింటినీ కలిపి తికమక పెట్టే ప్రశ్నలు తరచుగా వస్తాయి. కుండలీకరణాన్ని చూడకుండా పెన్ను కదపకపోవడమే మేలు.

ఇదే వరుసలో √((−7)²) విలువ ఎంత? వర్గమూ వర్గమూలమూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక −7 అని రాయాలనిపిస్తుంది. లోపలి నుంచి మొదలుపెడితే (−7)² = 49, √49 = 7. మైనస్ పోయింది, తిరిగి రాదు. అందువల్ల √(య²) = య అని రాయడం య రుణం కానప్పుడే సరైనది; ఎప్పుడూ సరిపోయేలా రాయాలంటే √(య²) = |య| అని, అంటే య పరమ మూల్యం (గుర్తు వదిలేసిన పరిమాణం) అని రాయాలి.

రుణ సంఖ్యకు వర్గమూలం ఎందుకు లేదు

ధన సంఖ్య వర్గం ధనం, రుణ సంఖ్య వర్గం ధనం, సున్నా వర్గం సున్నా. వాస్తవ సంఖ్యల్లో ఇంతకు మించి నాలుగో రకం లేదు. కాబట్టి ఏ వాస్తవ సంఖ్య వర్గమూ రుణం కాలేదు, ఏ రుణ సంఖ్యకూ వాస్తవ వర్గమూలం ఉండదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో గణితసారసంగ్రహాన్ని రచించిన మహావీరాచార్యుడు ఈ మాటను సూటిగా చెప్పాడు: రుణ రాశి స్వభావరీత్యా వర్గం కాదు కనుక దానికి వర్గమూలం లేదు. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు కూడా బీజగణితం అనే తన గ్రంథంలో ధన రాశి మూలం ధనమూ రుణమూ కావచ్చునని, రుణ రాశికి మూలం లేదని అన్నాడు. మహావీరుని గ్రంథాన్నే పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలో సారసంగ్రహ గణితంగా తెనిగించాడు. శాస్త్ర విషయాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన తొలి రచనల్లో అది ఒకటి.

ఇక్కడ "లేదు" అనడానికీ "సున్నా" అనడానికీ తేడా గమనించాలి. √(−49) విలువ సున్నా కాదు, −7 కూడా కాదు. −7ను దానితో గుణిస్తే 49 వస్తుందే తప్ప −49 రాదు. జవాబు రాయాల్సిన చోట "వాస్తవ వర్గమూలం లేదు" అని పూర్తి వాక్యం రాయడమే సరైన పద్ధతి.

ఘనమూలానికి అందరూ సమానమే

ఘనమూలంలో ఈ ఆంక్షలేవీ లేవు. ప్రతి వాస్తవ సంఖ్యకూ, అది ధనమైనా రుణమైనా సున్నా అయినా, సరిగ్గా ఒక్క వాస్తవ ఘనమూలం ఉంటుంది. దాని గుర్తు ఆ సంఖ్య గుర్తే. ∛125 = 5, ∛(−125) = −5. రెండో జవాబు ఎందుకు లేదన్నది సంఖ్యారేఖ మీద నడిస్తే తెలుస్తుంది. −3, −2, −1, 0, 1, 2, 3ల ఘనాలు వరుసగా −27, −8, −1, 0, 1, 8, 27. సంఖ్య పెరుగుతున్నకొద్దీ ఘనం కూడా ఎక్కడా వెనక్కి తిరగకుండా పెరుగుతూనే పోతుంది. ఒకసారి దాటిన విలువను మళ్లీ తాకదు. వర్గం అలా కాదు, సున్నా వైపు వస్తూ తగ్గి, సున్నా దాటాక మళ్లీ పెరుగుతుంది కనుక ప్రతి ధన విలువనూ రెండుసార్లు తాకుతుంది.

దీని వల్ల చేతికి ఒక సులువైన పద్ధతి వస్తుంది. రుణ సంఖ్యకు ఘనమూలం కావాలంటే ముందు మైనస్‌ను పక్కన పెట్టండి, మిగిలిన ధన సంఖ్యకు ఘనమూలం కనుక్కోండి, చివరికి మైనస్‌ను తిరిగి పెట్టండి. ∛(−9261) కావాలంటే 9261ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి: 3 × 3 × 3 × 7 × 7 × 7. మూడేసి చొప్పున గుంపులు కట్టి, గుంపుకొకటి బయటికి తీస్తే 3 × 7 = 21, జవాబు −21. భిన్నాలకూ ఇదే దారి: ∛(−27/64) = −3/4. ఈ పద్ధతిని వర్గమూలానికి వాడి √(−49) = −√49 అని రాస్తే అది పెద్ద తప్పవుతుంది. మైనస్ మూల గుర్తు దాటి బయటికి రావడానికి ఘనమూలంలోనే అనుమతి ఉంది. (నాలుగు, ఆరు లాంటి సరి మూలాలన్నీ వర్గమూలంలాగా, అయిదు, ఏడు లాంటి బేసి మూలాలన్నీ ఘనమూలంలాగా ప్రవర్తిస్తాయి.)

చేత్తో లెక్క కట్టడం

పరిపూర్ణ వర్గమైతే ప్రధాన కారణాంకాల పద్ధతి చాలు. 7056 = 2 × 2 × 2 × 2 × 3 × 3 × 7 × 7; జతకొకటి తీస్తే 2 × 2 × 3 × 7 = 84. ఒక్క కారణాంకం జత లేకుండా మిగిలినా అది పరిపూర్ణ వర్గం కాదు. చివరి అంకె 2, 3, 7, 8లలో ఒకటైతే లేదా చివర సున్నాలు బేసి సంఖ్యలో ఉంటే అసలు ప్రయత్నమే అక్కరలేదు.

ఆరంకెల వరకు ఉండే పరిపూర్ణ ఘనానికి నోటిలెక్కతోనే మూలం చెప్పే ఉపాయం ఒకటుంది. ఘనం చివరి అంకె 2 అయితే మూలం చివరి అంకె 8, 8 అయితే 2, 3 అయితే 7, 7 అయితే 3. మిగిలిన అంకెలు మారవు. −175616 తీసుకుందాం. చివరి అంకె 6, కాబట్టి మూలం చివరి అంకె 6. చివరి మూడంకెలు తీసేస్తే మిగిలేది 175. అది 125కూ 216కూ మధ్య, అంటే 5 ఘనానికీ 6 ఘనానికీ మధ్య ఉంది కనుక పదుల స్థానంలో చిన్నదైన 5. జవాబు −56. ఈ ఉపాయం ఇచ్చిన సంఖ్య పరిపూర్ణ ఘనమని ముందే తెలిసినప్పుడు మాత్రమే పనికొస్తుంది. రామానుజన్ పేరుతో ముడిపడిన 1729కి దీన్ని వాడితే 19 వస్తుంది. నిజానికి 19 ఘనం 6859. 1729 అసలు ఘనమే కాదు, 12 ఘనం కన్నా ఒకటి ఎక్కువ.

పరిపూర్ణం కాని సంఖ్యలకు భాగహార పద్ధతి ఉంది. అంకెలను జతలుగా విడదీసి వర్గమూలం, మూడేసిగా విడదీసి ఘనమూలం కనుక్కునే పద్ధతులను ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో చెరొక శ్లోకంలో చెప్పాడు. ఎకరం పొలం సరిగ్గా చదరంగా ఉంటే వైపు ఎంత అన్న లెక్కతో దీన్ని చూద్దాం. ఎకరం 4840 చదరపు గజాలు. కుడి నుంచి జతలు కడితే 48, 40. 48లో ఇమిడే అతిపెద్ద వర్గం 36, మూలంలో మొదటి అంకె 6, శేషం 12. తరువాతి జతను దింపితే 1240. వచ్చిన 6ను రెట్టింపు చేసి 12 రాసి, దాని పక్కన ఒక అంకె చేర్చి, అదే అంకెతో గుణిస్తే 1240ని దాటకూడదు: 129 × 9 = 1161, శేషం 79. ఇప్పుడు మూలం 69. దశాంశ బిందువు పెట్టి రెండు సున్నాలు దింపితే 7900; 69ని రెట్టింపు చేస్తే 138; 1385 × 5 = 6925, శేషం 975. మళ్లీ రెండు సున్నాలతో 97500; 695ని రెట్టింపు చేస్తే 1390; 13907 × 7 = 97349. ఇంతవరకు వచ్చిన మూలం 69.57 గజాలు. భాగహారం తెలిసినవారికి ఇది కొత్త కాదు, కొంచెం ఓపిక కావాలి, అంతే.

నాకు మాత్రం సగటు పద్ధతే ఇష్టం, ఎందుకంటే అది మరచిపోయే పద్ధతి కాదు. 4840కి ఉజ్జాయింపుగా 70 అనుకోండి. 4840ని 70తో భాగిస్తే సుమారు 69.143. వర్గమూలం ఈ రెండింటి మధ్య ఉండి తీరాలి, ఎందుకంటే రెండింటి లబ్ధం 4840. రెండింటి సగటు 69.571, ఒక్క అడుగులోనే రెండు దశాంశ స్థానాల వరకు జవాబు వచ్చేసింది. ఘనమూలానికి దీన్ని కొద్దిగా మార్చాలి: ఉజ్జాయింపును రెండుసార్లు తీసుకుని, సంఖ్యను ఆ ఉజ్జాయింపు వర్గంతో భాగించగా వచ్చినదాన్ని కలిపి, మొత్తాన్ని మూడుతో భాగించాలి. 500 లీటర్ల నీళ్లు పట్టే ఘనాకారపు తొట్టి కట్టాలనుకుందాం. లీటరంటే 10 సెంటీమీటర్ల భుజమున్న ఘనం, కాబట్టి ∛500 కనుక్కుని పదితో గుణించాలి. 8 ఘనం 512 కనుక ఉజ్జాయింపు 8. 8 + 8 + 500/64 = 23.8125, దాన్ని మూడుతో భాగిస్తే 7.9375. అంటే తొట్టి లోపలి కొలత ప్రతి వైపూ 79.4 సెంటీమీటర్లు. 1000 లీటర్ల తొట్టికి వైపు ఒక మీటరు. నీళ్లు సగమైతే వైపు కూడా సగమైపోతుందనుకుని అర మీటరు కడితే 125 లీటర్లే పడతాయి. ∛(−500) కావాల్సి వస్తే ఇదే లెక్క, ముందు మైనస్.

√4840, ∛500 లాంటివి ఎన్ని అంకెలు రాసినా పూర్తికాని, భిన్నంగా రాయలేని సంఖ్యలు. వీటిని మన పుస్తకాల్లో కరణీయ సంఖ్యలంటారు. భిన్నంగా రాయగలిగినవి అకరణీయ సంఖ్యలు. ఈ పేర్లు పిల్లలను తికమక పెడతాయి, ముఖ్యంగా ఇంగ్లీషు మాధ్యమం నుంచి వచ్చినవారికి లేనితనాన్ని చెప్పే "అ" తప్పు వైపు ఉన్నట్టనిపిస్తుంది. సంస్కృతంలో కరణి అంటే మూల రూపంలోనే ఉండిపోయే రాశి అని తెలిస్తే చిక్కు విడిపోతుంది. భుజం ఒకటిగా ఉన్న చదరపు కర్ణాన్ని, అంటే √2ను, యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాలైన శుల్బసూత్రాల్లో ద్వికరణి అన్నారు. వాటి కర్తల్లో ఒకడైన బౌధాయనుడు దానికిచ్చిన విలువను భిన్నంగా రాస్తే 577/408, అంటే 1.41421 వరకు సరైనది.

ఒకటి కన్నా చిన్న సంఖ్యల దగ్గర ఒక మాట. √0.09 = 0.3, ∛0.027 = 0.3, మూలం అసలు సంఖ్య కన్నా పెద్దదైంది. ఇందులో తప్పేమీ లేదు, ఒకటి కన్నా చిన్న ధన సంఖ్యను దానితోనే గుణిస్తే ఇంకా చిన్నదవుతుంది. √0.9ను 0.3 అని రాయడం మాత్రం తప్పే. దాని విలువ సుమారు 0.949.

ఏ మూలాన్ని ఉంచాలి

19.6 మీటర్ల లోతున నీళ్లున్న బావిలోకి రాయి వదిలితే ఎన్ని సెకన్లకు నీటిని తాకుతుంది? పడిన దూరం మీటర్లలో, సెకన్ల వర్గానికి 4.9 రెట్లు కనుక కాలం వర్గం 4, కాలం 2 గానీ −2 గానీ. రాయి వదలకముందే నీటిలో పడదు కాబట్టి 2 ఉంచి −2 వదలాలి. ఇలా వదిలేది లెక్క కాదు, సందర్భం. అందుకే ముందు రెండు మూలాలనూ రాసి, తరువాత కారణం చెప్పి ఒకదాన్ని కొట్టివేయాలి. ఘనమూలంలో ఎంచుకోవాల్సిన పని లేదు. లక్ష రూపాయల బండి విలువ మూడేళ్లలో 51,200 అయిందంటే, ఏటా ఒకే నిష్పత్తిలో తగ్గిందనుకుంటే ఆ నిష్పత్తి ∛0.512 = 0.8, అంటే ఏటా 20 శాతం తగ్గుదల. మొత్తం తగ్గిన 48.8 శాతాన్ని మూడుతో భాగించి ఏటా 16 శాతం చిల్లర అనేవారు మూలం తీయాల్సిన చోట భాగహారం చేస్తున్నారు.

కంప్యూటర్లను నమ్మేటప్పుడూ జాగ్రత్త అవసరం. ఎక్సెల్‌లో సమాన చిహ్నం పెట్టి మైనస్ 7 వర్గాన్ని కుండలీకరణం లేకుండా అడిగితే అది −49 బదులు 49 ఇస్తుంది. అక్కడ మైనస్‌కు ముందు పీట వేస్తారు. ప్రోగ్రామింగ్ భాషల్లో −8ని మూడింట ఒక వంతు ఘాతానికి పెంచమంటే జావాస్క్రిప్ట్ అది సంఖ్యే కాదంటుంది, పైథాన్ −2 బదులు ఒక సంకీర్ణ సంఖ్యను, అంటే −1 వర్గమూలంతో కూడిన సంఖ్యను చూపుతుంది. వాటిని తప్పుపట్టలేం. 1/3, 2/6 ఒకటే అయినా, −8ని ముందు వర్గం చేసి 64కు ఆరో మూలం తీస్తే 2 వస్తుంది, −2 రాదు. ఇలాంటి వైరుధ్యాలు రాకుండా భిన్న ఘాతాంకాలను సాధారణంగా ధన ఆధారాలకే పరిమితం చేస్తారు. ఘనమూలానికి ప్రత్యేక ప్రమేయం ఉన్నచోట దాన్నే వాడండి. లేకపోతే ∛8 కనుక్కుని మైనస్ పెట్టుకోండి.

వాస్తవ సంఖ్యల వెలుపల

పై తరగతుల్లో −1కి వర్గమూలంగా ఐ అనే కొత్త సంఖ్యను ఊహించి, √(−49)ను 7ఐ అని రాస్తారు. అక్కడికి వెళ్లేవారు ఒక పాత అలవాటును వదులుకోవాలి. √4 × √9 = √36 అన్నట్టు √(−4) × √(−9) = √36 = 6 అని రాయకూడదు; 2ఐ × 3ఐ = 6ఐ², ఐ² = −1 కనుక విలువ −6. మూలాలను కలిపి ఒకే గుర్తు కిందకు తెచ్చే నియమం లోపలి సంఖ్యలు రెండూ రుణమైనప్పుడు చెల్లదు. ఘనమూలాలకు, వాస్తవ సంఖ్యల్లో ఉన్నంతవరకు, ఆ షరతు లేదు: ∛(−8) × ∛(−27) = (−2) × (−3) = 6 = ∛216.

ఈ ఊహా సంఖ్యలను గణితజ్ఞులు ఇష్టపడి తెచ్చుకోలేదు. 1572లో ప్రచురితమైన తన బీజగణితంలో ఇటలీకి చెందిన బొంబెల్లి య³ = 15య + 4 అన్న సమీకరణాన్ని తీసుకున్నాడు. 4 దానికి సాధన అని ఎవరైనా సరిచూడవచ్చు: 64 = 60 + 4. కానీ ఘన సమీకరణాల సూత్రాన్ని దానిపై ప్రయోగిస్తే జవాబు 2 + √(−121), 2 − √(−121) అన్న రెండు రాశుల ఘనమూలాల మొత్తంగా వస్తుంది. మనం ఉండదన్న వర్గమూలం సరిగ్గా ఘనమూలం లోపల కూర్చుంది. బొంబెల్లి దాన్ని వదిలేయకుండా, 2 + √(−1) ఘనం 2 + 11√(−1) అవుతుందని, అదే 2 + √(−121) అని చూపించాడు. రెండో ఘనమూలం 2 − √(−1). రెండింటినీ కలిపితే √(−1)లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని 4 మిగిలింది.